సీసా ఉడికిస్తే చాలా? జాడీలు, సీసాలు, మూతల శుభ్రత వెనక ఉన్న లెక్క

మామిడికాయ ముదిరే రోజులు వచ్చాయంటే దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా తెలుగిళ్లలో జాడీలు, సీసాలు అటక దిగుతాయి. ఆవకాయ జాడీని కడిగి రెండు రోజులు డాబా మీద ఎండబెట్టే ఇల్లు ఒకటి. పక్కింటి ఒడియా వాళ్ల దగ్గర నేర్చుకున్న మామిడి ఖట్టాని (తీపి, పులుపు కలిసిన పచ్చడి) పొయ్యి మీంచి దించగానే హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించే ఇల్లు ఇంకొకటి. ఫోన్‌లో అమెరికా వీడియో చూసి, ఖాళీ సీసాల్ని తపేలాలో 20 నిమిషాలు ఉడికించి, తీరా అందులో చల్లారిన టమాటా సాస్ పోసే ఇల్లు మరొకటి. ఎవర్ని అడిగినా "సీసా స్టెరిలైజ్ చేశాం" అనే చెబుతారు. చేసిన పనులు మాత్రం మూడు రకాలు. వాటిలో ఏది దేన్ని ఆపుతుందో తెలియకపోతే, శ్రమంతా పడ్డాక కూడా సీసా పాడవుతుంది. ఒక్కోసారి పాడైనట్టు కనబడకుండానే పాడవుతుంది. భయపడాల్సింది దానికే.

మన ఊరగాయ పద్ధతీ, సరుకుని సీసాలో మూసి ఉడికించి దాచే పాశ్చాత్య దేశాల కానింగ్ పద్ధతీ రెండూ శుభ్రమైన సీసాతోనే మొదలవుతాయి. అక్కడి నుంచి దారులు వేరు. ఊరగాయని కాపాడేవి ఉప్పు, పులుపు, నూనె. కానింగ్‌లో సరుకుని కాపాడేవి పులుపు, వేడి, గాలి చొరబడని మూత. ఒకదాని నియమం తెచ్చి రెండో దానికి అంటగట్టడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది.

కడగడం, స్టెరిలైజ్ చేయడం, నింపాక ఉడికించడం: మూడూ వేరు

కడగడమంటే మురికి, జిడ్డు, పాత పచ్చడి మరక, సబ్బు నురగ ఏదీ మిగలకుండా చేయడం. స్టెరిలైజ్ చేయడమంటే ఖాళీ సీసాని మరిగే నీళ్లలో ఇంతసేపని ఉంచి, దాన్ని అంటుకుని ఉన్న బూజు, ఈస్ట్, మామూలు బాక్టీరియాని చంపడం. మూడోది సరుకు నింపి, మూత పెట్టి, ఆ సీసానే మళ్లీ మరిగే నీళ్లలో నిలబెట్టడం. దీన్ని ప్రాసెసింగ్ అంటారు. ఇక్కడ నింపాక ఉడికించడం అనుకుందాం.

ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ తన పద్ధతిని 1810లో లోకానికి వెల్లడించినప్పుడు సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియదు. పాశ్చర్ వచ్చి కారణం చెప్పడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది. అపేర్ గాజు సీసాలో ఆహారం నింపి, బిరడా బిగించి, ఆ తర్వాత సీసా మొత్తాన్ని వేడినీళ్లలో ఉడికించాడు. అతని పద్ధతికి ప్రాణం ఆ చివరి మెట్టు. మన ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా జారిపోతున్నదీ అదే. ఖాళీ సీసాని శ్రద్ధగా ఉడికిస్తాం, నింపిన సీసాని వదిలేస్తాం. ఉడికించిన సీసాలోకి గరిటె, గరాటు, వంటింటి గాలి, సరుకు అన్నీ తమ తమ సూక్ష్మజీవుల్ని తెస్తాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా పట్టే అవకాశం మూత పెట్టాకే దొరుకుతుంది.

స్టెరిలైజ్ అనే మాట కూడా కాస్త పెద్ద మాటే. మరిగే నీళ్లు అన్నిటినీ చంపవు. విషం పుట్టించే క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. గట్టి పెంకు లాంటి బీజ రూపంలో అది గంటల తరబడి మరిగినా బతికి ఉండగలదు. దాన్ని నమ్మకంగా చంపాలంటే 116 నుంచి 121 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి ఆవిరి ఒత్తిడిలోనే వస్తుంది. అయితే ఈ బీజం పులుపులో మొలకెత్తదు. పులుపుని కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువని లెక్క. ఆ అంకె 4.6 కంటే తక్కువున్న సరుకుకి మరిగే నీళ్లు చాలు. అంతకు మించితే సీసా ఎంత తళతళలాడినా చాలదు. ముందుకు వెళ్లేకొద్దీ ఈ 4.6 మళ్లీ మళ్లీ వస్తుంది.

ఎండబెట్టిన జాడీ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఆవకాయ జాడీకి ఎండ తగలాలన్నది పెద్దవాళ్ల మాట. మాట సరైనదే. కారణంగా చాలామంది చెప్పేది మాత్రం సరికాదు. ఎండ క్రిముల్ని చంపేస్తుందని అంటారు. వైశాఖంలో డాబా మీద పెట్టిన సీసా చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది, నిజమే. కానీ అది నీళ్లు మరిగే వేడికి చాలా దూరం. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో క్రిములకు బాగా చేటు చేసే భాగాన్ని మామూలు గాజు చాలావరకు లోపలికి రానివ్వదు. పింగాణీ జాడీ అయితే అసలే రానివ్వదు. ఎండ చేసే నిజమైన పని తడిని పూర్తిగా తీసేయడం. ఆవకాయకి కావలసింది కూడా అదే.

ఆవకాయలో ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. సూక్ష్మజీవులకు వాడుకోడానికి నీరు మిగలదు. జాడీ అడుగునో, మెడ దగ్గరో నాలుగు నీటి చుక్కలు మిగిలాయనుకోండి. ఆ చుక్కలు తగిలిన చోట ఉప్పు పలచబడుతుంది. బూజు మొదలయ్యేది ఆ చోటే. జాడీ మొత్తం పచ్చడి బాగుండి, అంచున ఒక్క చోట తెల్లటి బూజు పట్టడం చాలా ఇళ్లలో చూసేదే. తడి గరిటె పెట్టొద్దన్న నియమానికి కూడా ఇదే మూలం. మన ఆహార భద్రతా ప్రమాణాలు ఉప్పునీటి పచ్చళ్లలో ఉప్పు 12 శాతానికి తగ్గకూడదనీ, నూనె పచ్చళ్లలో ముక్కల పైన అర సెంటీమీటరు నూనె పొరైనా, మొత్తంలో 10 శాతం నూనె అయినా ఉండాలనీ అంటున్నది అందుకే.

కాబట్టి ఆవకాయ జాడీని ఉడికించనక్కర్లేదు. ఉడికించకూడదు కూడా. మందపాటి పింగాణీ ఉన్నట్టుండి వేడెక్కితే పగులుతుంది. సబ్బుతో కడిగి, గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోసి తొలిపి, బోర్లించి నీరంతా ఓడ్చి, ఆ తర్వాత మూతి పైకి పెట్టి ఎండబెట్టాలి. బోర్లించే ఎండబెడితే లోపలి ఆవిరికి దారి ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలాక పొడి బట్టతో లోపల తుడిచి చూడండి, మెడ కింద మడతలో చెమ్మ చాలాసార్లు దొరుకుతుంది. కొన్ని ఇళ్లలో నిప్పు మీద ఇంగువ వేసి ఆ పొగ జాడీకి పట్టిస్తారు. వాసన బాగుంటుంది, మిగిలిన చెమ్మ కూడా ఆరుతుంది. దాన్ని స్టెరిలైజ్ చేయడంగా లెక్కపెట్టకూడదు.

పాత జాడీ విషయంలో ఒక జాగ్రత్త. లోపలి మెరుపు పూత మీద సాలెగూడులా సన్నటి పగుళ్లుంటే అందులో పాత నూనె చేరి కంపు కొడుతుంది. ఎంత కడిగినా పోదు. నాసిరకం పూతలో సీసం ఉంటే పులుపు దాన్ని పచ్చడిలోకి లాగుతుంది. అలాంటి జాడీలో పులుపూ తడీ తగిలేది ఏదీ పెట్టకపోవడమే మంచిది.

జాడీ మూతికి గుడ్డ కట్టి వాసెన బిగించడం గాలిని ఆపడానికని అనుకుంటారు. గుడ్డ గాలిని ఆపదు. దుమ్ము, చీమలు, పురుగుల్ని ఆపుతుంది. ఊరేటప్పుడు పుట్టే వాయువుని బయటికి పోనిస్తుంది. ఊరగాయకి అది సరిపోతుంది. జామ్‌కీ, సాస్‌కీ సరిపోదు.

సీసా కడగడంలో చూడాల్సిన మూడు చోట్లు

మొదటిది అంచు. మూత వచ్చి కూర్చునే ఆ సన్నటి గాజు వలయం మీద బొటనవేలి గోరుని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే అక్కడ పెచ్చు లేచి ఉందని. కంటికి కనిపించని పెచ్చు గోటికి దొరుకుతుంది. ఆ సీసా పప్పులకీ, పోపు దినుసులకీ వాడుకోవచ్చు. గాలి చొరబడకూడని పనికి పనికిరాదు.

రెండోది లోపలి గోడ. స్టీలు పీచుతో గీకితే పడే గీతలు కంటికి చిన్నవే గానీ, వేడి తగిలినప్పుడు గాజు పగలడం ఆ గీతల దగ్గరే మొదలవుతుంది. సీసాల బ్రష్, సబ్బు, వేడినీళ్లు చాలు. సాస్ నింపాక గాలి బుడగలు తీయడానికి కత్తి దూర్చడం కూడా ఇలాంటి పొరపాటే. దానికి చెక్క పుల్లో, ప్లాస్టిక్ చెంచా కాడో వాడాలి.

మూడోది బోరు నీళ్ల పొర. ఉప్పునీటి బోర్లున్న చోట సీసాల మీద తెల్లటి మసక పడుతుంది. అది మురికి కాదు, నీటిలోని సున్నపు లవణాలు. సబ్బుకి లొంగదు. 4 లీటర్ల నీళ్లలో 250 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, సీసాల్ని కొన్ని గంటలు నానబెడితే కరిగిపోతుంది. సీసాలు ఉడికించే నీళ్లలోనే రెండు మూడు చెంచాల వెనిగర్ వేస్తే ఆ పొర కొత్తగా పట్టదు.

సీసా పగిలే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. అడుగు భాగం మొత్తం గుండ్రంగా, కత్తితో కోసినట్టు ఊడి వచ్చిందంటే చల్లటి సీసాలో వేడి సరుకు పోశారనో, వేడి సీసాని తడి గచ్చు మీద పెట్టారనో అర్థం. గాజు లోపలి వైపు ఉన్నట్టుండి సాగి, బయటి వైపు సాగకపోతే ఆ రెంటి మధ్య లాగుడికి అది తెగిపోతుంది. అందుకే వేడి సరుకుకి వేడి సీసా కావాలి. ఖాళీ సీసాని వేడినీళ్లలో ఉంచడానికి సగం కారణం క్రిములైతే, సగం కారణం ఇదే. తపేలా అడుగున మడత బట్టో, చిల్లుల పళ్లెమో వేయకుండా సీసాల్ని నేరుగా నిలబెడితే అడుగు మంట తగిలి అవి ఎగిరెగిరి కొట్టుకుంటాయి. దాంతోనూ పగులుతాయి.

పది నిమిషాల గీత: బరంపురంలో ఒకటి, కోరాపుట్‌లో ఒకటి

ఖాళీ సీసాని మరిగించాలా వద్దా అన్న ప్రశ్నకి అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే జవాబు చాలా తేలికైనది. నింపిన సీసాని 10 నిమిషాలు, అంతకు మించి మరిగే నీళ్లలో ఉడికించబోతుంటే, ఖాళీ సీసాని ముందుగా స్టెరిలైజ్ చేయనక్కర్లేదు. కడిగి వెచ్చగా ఉంచితే చాలు. సరుకుతో పాటు సీసా లోపలి గోడ కూడా ఆ 10 నిమిషాల్లో వేడెక్కుతుంది కదా. నింపాక 10 నిమిషాల కంటే తక్కువ ఉడికిస్తే మాత్రం ఖాళీ సీసాని ముందే 10 నిమిషాలు మరిగించి ఉంచాలి. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకి ఇంకో నిమిషం కలపాలి.

ఎత్తు ఎందుకొచ్చిందంటే, పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది. సముద్రం పక్కనున్న బరంపురంలో నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరిగితే, సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో 97 దగ్గరే మరుగుతాయి. కళ్లకి అదే బుడగలు, అదే ఆవిరి. వేడి తక్కువ. సమయం పెంచి ఆ లోటు పూడ్చాలి.

అనాస జామ్ తీసుకుందాం. పంచదార, పులుపు రెండూ ఉన్న జామ్‌లకి నింపాక ఉడికించే సమయం 300 మీటర్ల లోపు ఎత్తులో 5 నిమిషాలు, అక్కడి నుంచి 1,800 మీటర్ల దాకా 10 నిమిషాలు. బరంపురంలో చేసేవాళ్లకి 5 నిమిషాలే గనక, ఖాళీ సీసాల్ని ముందే 10 నిమిషాలు మరిగించి ఉంచాలి. కోరాపుట్‌లో చేసేవాళ్లకి నింపాక ఎలాగూ 10 నిమిషాలు ఉడికించాలి కాబట్టి ఖాళీ సీసాల్ని మరిగించే పని లేదు. ఒకే జామ్, ఒకే సీసా, రెండు ఊళ్లలో రెండు నియమాలు. కోరాపుట్‌లో ఉన్న అక్క, బరంపురంలో ఉన్న చెల్లెలికి ఫోన్‌లో తన పద్ధతి చెబితే ఇద్దరి మాటా నిజమే అయి కూడా జామ్ ఒకచోట పాడవడానికి ఇదొక దారి. ఈ గొడవంతా లేకుండా బరంపురంలోనూ నింపాక 10 నిమిషాలు ఉడికించేయొచ్చు. జామ్ కొద్దిగా మెత్తబడుతుందంతే.

మూతలోని మెత్తటి వలయం: అసలు కాపలాదారు

సీసా మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా మూతలకి దక్కదు. చెడేది మాత్రం ఎక్కువసార్లు మూత దగ్గరే.

మన బజార్లో దొరికే మూతలు ప్రధానంగా మూడు రకాలు. జామ్ సీసాలకి వచ్చే రేకు మూత పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది, లోపల అంచున మెత్తటి వలయం పోసి ఉంటుంది. ప్లాస్టిక్ మర మూతకి లోపల అట్టబిళ్లో, నురగ బిళ్లో ఉంటుంది. కానింగ్ కోసమే చేసిన రెండు ముక్కల మూతలో ఒకటి పలుచటి రేకు బిళ్ల, రెండోది దాన్ని పట్టి ఉంచే మర చుట్టు. ఇవి ఇక్కడ తేలిగ్గా దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మరతో బిగించే సీసాకి 1858లో అమెరికాలో పేటెంటు తీసుకున్న జాన్ మేసన్ పేరు మీదే వీటిని మేసన్ జార్లు అంటారు.

రేకు మూత పనిచేసే తీరు ఇలా ఉంటుంది. వేడికి వలయం మెత్తబడి సీసా అంచుని అచ్చు పోసినట్టు చుట్టుకుంటుంది. లోపలి గాలి వ్యాకోచించి, ఆవిరితో కలిసి కొంత బయటికి పోతుంది. చల్లారేటప్పుడు పైన మిగిలిన ఆవిరి నీరై ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి మూతని లోపలికి నొక్కుతుంది. మూత నడుమనున్న గుబ్బ టక్కుమని లోపలికి దిగేది అప్పుడే. ఈ మొత్తం వ్యవహారం ఆ వలయం మీద ఆధారపడి ఉంది. అంచు మీద ఒక్క మెంతిగింజ, ఒక టమాటా తొక్క, ఒక నూనె మరక ఉన్నా వలయం అక్కడ అంటుకోదు. నింపాక అంచుని వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన బట్టతో తుడవడం అందుకే. ఇది ఒక్క నిమిషం పని, దీన్ని వదిలేసే ఇళ్లే ఎక్కువ.

వాడిన మూతని వెలుతురు వైపు వంచి చూడండి. వలయంలో పాత సీసా అంచు నొక్కుకున్న గాడి గుండ్రంగా కనిపిస్తుంది. కొత్త సీసా అంచు సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటుందన్న నమ్మకం లేదు. పచ్చడి సీసా మూత అయితే వలయం నూనె పీల్చుకుని ఉబ్బి, వాసన పట్టి ఉంటుంది. దాన్ని జామ్‌కి వాడితే జామ్‌కి ఆవ వాసన. గీతలు పడిన చోట రేకు తుప్పు పడుతుంది, పులుపు ఆ తుప్పుని పెంచుతుంది.

మూతని మళ్లీ వాడొచ్చా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. రెండు ముక్కల మూతలో రేకు బిళ్ల ఒక్కసారికే అని అమెరికా నియమం. మర చుట్టుని మాత్రం తుప్పు పట్టనంతకాలం వాడుకోవచ్చు. యూరప్ ఇళ్లలో పావు చుట్టు మూతల్ని వలయం బాగున్నంతకాలం జామ్‌లకి మళ్లీ మళ్లీ వాడతారు. రెండో వాదంలోనూ బలం ఉంది: జామ్ లాంటి పుల్లటి, తియ్యటి సరుకులో మూత విఫలమైతే వచ్చేది బూజు, అది కంటికి కనిపిస్తుంది. అయినా కొత్త మూత ఖరీదు, పాడైన సీసా సరుకు ఖరీదు పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త మూతే చవక. సీసాల టోకు దుకాణాల్లో 53, 63 మిల్లీమీటర్ల కొలతల్లో మూతలు విడిగా దొరుకుతాయి. సీసాని చేత్తో పట్టుకెళ్లి మూత బిగించి చూసి కొనాలి, ఒకే కొలతలోనూ పళ్ల అమరిక తేడా ఉండొచ్చు.

మూతని మరిగించడం మీద సలహా మారింది. ఒకప్పుడు రేకు బిళ్లల్ని 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉంచమనేవాళ్లు. ఇప్పుడు పెద్ద కంపెనీలు వేడి సబ్బునీళ్లతో కడిగితే చాలంటున్నాయి. వలయం తయారీ మారింది. గలగల మరిగే నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే వలయం ముందే మెత్తబడి పలచబడుతుంది, సీసా మీద కూర్చునేసరికి పట్టు తగ్గుతుంది. సీసాకి మంచి చేసే మరిగింపు మూతకి చెడు చేస్తుందన్నమాట. రెంటినీ ఒకే తపేలాలో వేసి 20 నిమిషాలు ఉడికించే అలవాటు మానుకోవాల్సిందే.

హార్లిక్స్ సీసా లాంటి ప్లాస్టిక్ మర మూతకి ఈ పట్టు రాదు. గట్టిగా బిగించినా అట్టబిళ్ల తడి పీల్చుకుంటుంది, అదే బూజుకి ఇల్లవుతుంది. ఆవకాయకీ, ఫ్రిజ్‌లో పెట్టే ఖట్టాకీ ఆ మూత పనికొస్తుంది. అల్మరాలో నెలల తరబడి ఉంచే సాస్‌కి పనికిరాదు.

ఓవెన్, బోర్లించడం, కుక్కర్: ఎవరి వాదం ఎంతవరకు

బ్రిటన్‌లో జామ్ చేసేవాళ్లు కడిగిన సీసాల్ని 140 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. అమెరికా వాళ్లు వద్దంటారు. పొడి వేడి తడి వేడి కన్నా నెమ్మదిగా క్రిముల్ని చంపుతుంది, ఓవెన్‌లో వేడి అన్ని మూలలా ఒకేలా ఉండదు, సీసాలు ఆ వేడికి చేసినవి కావు అన్నవి వాళ్ల కారణాలు. మరిగే జామ్‌ని వేడి సీసాలో పోసే పనికి బ్రిటన్ పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది, దాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ నింపిన సీసాని ఓవెన్‌లో పెట్టడం ఎవరి లెక్కలోనూ సరికాదు. మూసిన సీసా పేలితే ఓవెన్ తలుపు తీసిన మనిషి ముఖం మీదికే వస్తుంది.

వేడి జామ్ నింపి, మూత బిగించి, 5 నిమిషాలు బోర్లించే పద్ధతి మన దగ్గర బాగా పాకింది. వేడి జామ్ మూత లోపలి వైపుని తాకి అక్కడి బూజు బీజాల్ని చంపుతుందని దాని తర్కం. అది కొంత నిజం. కానీ మూత పట్టు ఒక సీసాకి వస్తుంది, ఒకదానికి రాదు. అంచుకీ వలయానికీ మధ్య జామ్ చిక్కుకుంటే పట్టు బలహీనమవుతుంది. నింపాక 5 నిమిషాలు నీళ్లలో ఉడికించే దారి ఉండగా దీన్ని నమ్ముకోవడంలో మిగిలేది గ్యాసు మాత్రమే.

ఇక కుక్కర్. ఖాళీ సీసాల్ని కుక్కర్‌లో ఆవిరి పట్టించి, దానంతటదే చల్లారనిస్తే సీసాల వరకు అది గట్టి పద్ధతే. వాదం నింపిన సీసాల దగ్గర మొదలవుతుంది. మన కుక్కర్ ఒత్తిడిలో లోపలి వేడి 121 డిగ్రీల దాకా వెళ్తుంది కదా, అది చాలదా అంటారు. లెక్క ప్రకారం వేడి సరిపోయినట్టే ఉంటుంది. కానీ కానింగ్ సమయాలన్నీ పెద్ద కానర్లలో (కానింగ్ కోసమే చేసిన పెద్ద కుక్కర్లలో), నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారే తీరు మీద పరీక్షించి రాసినవి. చిన్న కుక్కర్ చకచకా వేడెక్కి చకచకా చల్లారుతుంది, సీసా నడుమకి చేరే వేడి మొత్తం తగ్గుతుంది. పైగా కానర్‌లో ముందు 10 నిమిషాలు ఆవిరిని వదిలి లోపలి గాలిని తరిమేస్తారు. గాలి మిగిలితే ఒత్తిడి అంతే ఉన్నా వేడి తక్కువే ఉంటుంది. విజిల్ లెక్క ఈ పనికి కొలమానం కాదు.

ఒక లెక్క చేసి చూద్దాం: 6 కిలోల టమాటా

టమాటా చవకైన రోజుల్లో 6 కిలోలు కొని పలుచటి సాస్ చేస్తే 500 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 5 నిండుతాయి. ఇందులో ఉల్లి, వెల్లుల్లి లేవనుకుందాం, అవి పులుపుని తగ్గిస్తాయి. టమాటా పీహెచ్ సరిగ్గా 4.6 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది, రకాన్ని బట్టీ పండిన తీరుని బట్టీ మారుతుంది. కాబట్టి ప్రతి సీసాలో పావు టీస్పూను నిండుగా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) వేయాలి. చెట్టు నిమ్మకాయ రసం కాయకో పులుపు గనక దాన్ని కొలతగా నమ్మలేం.

సీసాలు కడిగి, గోరు పరీక్ష చేసి, వేడినీళ్లలో ఉంచుతాం. స్టెరిలైజ్ చేయం, ఎందుకంటే నింపాక ఉడికించే సమయం 10 నిమిషాలకి చాలా మించి ఉంది. మరుగుతున్న సాస్‌ని వేడి సీసాలో పోసి, పైన 6 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతాం. ఖాళీ మరీ ఎక్కువైతే గాలి మిగిలి సాస్ పైభాగం నల్లబడుతుంది, మరీ తక్కువైతే సాస్ పొంగి అంచు మీదికొచ్చి పట్టు చెడుతుంది. బుడగలు తీసి, అంచు తుడిచి, మూత పెట్టి, వేళ్ల కొసలతో ఆగేంతవరకే బిగిస్తాం. మణికట్టు బలం వాడితే గాలి బయటికి పోలేక రేకు వంకర తిరుగుతుంది.

తపేలాలో నీళ్లు మూతల పైన 2.5 సెంటీమీటర్లు నిలవాలి. నీళ్లు మళ్లీ గలగల మరగడం మొదలయ్యాకే గడియారం చూడాలి. అమెరికా పట్టికలో పింట్ (సుమారు 473 మిల్లీలీటర్లు) సీసాకి సముద్ర మట్టం దగ్గర 35 నిమిషాలు, దానికి రెట్టింపుండే క్వార్ట్ సీసాకి 40. మన 500 మిల్లీలీటర్ల సీసా పింట్ కంటే కొంచెం పెద్దది కనక పై మెట్టు అంకే తీసుకోవాలి. బరంపురంలో 40 నిమిషాలు, కోరాపుట్‌లో 45. పొయ్యి ఆపి 5 నిమిషాలు ఆగి, సీసాల్ని నిలువుగా తీసి బట్ట మీద ఎడంగా పెట్టాలి. మూత మళ్లీ బిగించకూడదు, కుదురుకుంటున్న వలయం కదిలిపోతుంది.

మర్నాడు మూత నడుమ వేలితో నొక్కాలి. కదలకుండా లోపలికి దిగి ఉంటే పట్టు వచ్చినట్టు. టిక్కుటిక్కుమంటే రాలేదు. ఆ సీసాని ఫ్రిజ్‌లో పెట్టి వాడేసుకోవాలి, లేదా 24 గంటల లోపు కొత్త మూతతో మొదటి నుంచీ ఉడికించాలి.

పట్టు వదిలిన సీసాలో పైన బూజు పడితే ఆ పొర తీసేసి మిగతాది తినడం చాలామంది అలవాటు. బూజు పులుపుని తినేస్తుంది. దాని కింద పీహెచ్ పెరిగి 4.6 గీత దాటవచ్చు. అక్కడి నుంచి బొటులినమ్‌కి దారి తెరుచుకుంటుంది.

ఏ సీసా శుభ్రతా సరిపోని సరుకు

కోరాపుట్, రాయగడ సంతల్లో వానాకాలం వచ్చే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, చిలికా రొయ్యలు, బీన్స్, పచ్చి బఠాణీ: వీటిలో పులుపు దాదాపు లేదు. వీటిని ఉప్పునీళ్లలో వేసి, ఉడికించిన సీసాలో నింపి, మూత బిగిస్తే బొటులినమ్ బీజానికి కావలసినవన్నీ మనమే అమర్చినట్టు: తడి, గది వేడి, గాలి లేని చోటు. మరిగించడంలో పోటీ సూక్ష్మజీవులన్నీ చచ్చి, అదొక్కటే మిగిలి ఉంటుంది. దాని విషం రుచిలోనూ, వాసనలోనూ తెలియకపోవచ్చు. అతి కొద్ది మోతాదే నరాల్ని పడగొడుతుంది. మూత ఉబ్బడం, తీయగానే చిమ్మడం హెచ్చరికలే, కానీ అవి లేనంత మాత్రాన సీసా మంచిదని కాదు.

నూనెలో వేసిన వెల్లుల్లి రేకలు, తక్కువ పులుపుతో చేసిన రొయ్యల పచ్చడి కూడా ఈ వరసలోవే. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది, ఆవకాయలో అది మేలు, ఇక్కడ అదే ముప్పు. ఆవకాయలో నూనె కింద ఉప్పూ పులుపూ కాపలా ఉన్నాయి, వెల్లుల్లి నూనె కింద ఏమీ లేవు. వీటిని కొద్దికొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో ఉంచి కొన్ని రోజుల్లో తినేయాలి.

వెదురు కొమ్ముల్ని పడమటి ఒడిశాలో పులియబెట్టి, ఎండబెట్టి హెండువాగా దాస్తారు. పులియడం పులుపునిస్తుంది, ఎండ తడిని తీస్తుంది. దానికి సీసా ఉడికించక్కర్లేదు, రబ్బరు వలయం అక్కర్లేదు. చెమ్మ లేని డబ్బా ఒకటి ఉంటే ఏడాది పొడుగునా నిలుస్తుంది.